గులాబీ కాగితంలో ఆరో గడి

రోగం దానంతటది రాదు. ఎవరో ఒకరు ఇస్తేనే వస్తుంది. ఈ మహాసత్యాన్ని పంతొమ్మిది వందల అరవై ఒకటిలో, నెల్లూరు సీమలోని ఒకానొక పెద్దాసుపత్రి (పేరు చెబితే అక్కడి గుమాస్తా నొచ్చుకుంటాడు, ఆయన నొచ్చుకుంటే రేపు మనకు చీటీ రాయడు) వారి సుఖవ్యాధుల విభాగం కనిపెట్టి, పద్నాలుగో నిబంధనగా అచ్చు వేయించి, అద్దం కట్టించి గోడకు తగిలించింది.

నిబంధన అమలుకు ఒక గులాబీ కాగితం పుట్టింది. దానిలో ఆరు గడులు. పేరు, వయసు, ఊరు, వృత్తి, బాధ అని అయిదు. ఆరో గడి పేరు ‘రోగమిచ్చిన వ్యక్తి’. ఆరో గడి ఖాళీగా ఉన్న కాగితాన్ని మూయరాదు. మూయని కాగితం మీద ముద్ర వేయరాదు. ముద్ర పడనివాడికి రోగం ఉందనీ చెప్పరాదు, లేదనీ చెప్పరాదు. ఇంత పకడ్బందీగా ఆలోచించిన సహాయ ఉపసంచాలకుల వారికి ఆ ఏడే పై పదవి దక్కింది.

గవ్వలదిన్నె పోస్టుమాను పెంచలయ్యకు ఇవేవీ తెలియవు. ఆయనకు తెలిసిందల్లా నొప్పి. పొత్తికడుపు కింద, నలుగురిలో చెప్పుకోలేని చోట, కూర్చుంటే ఒక రకం, లేస్తే ఇంకో రకం. ఒంటేలుకు పోతే మంట. తొమ్మిది నెలలుగా ఇదే వరస. మొదట వేడి చేసిందనుకున్నాడు. బార్లీ తాగాడు, సబ్జా గింజలు తాగాడు, కడివెడు మజ్జిగ తాగాడు. ఒంటేలుకు పోవడం ఎక్కువైంది గానీ నొప్పి మాత్రం ఉన్నచోటనే ఉంది.

అట్లాంటప్పుడు మనిషి ఊరుకోవాలి. పెంచలయ్య ఊరుకోలేకపోయాడు, ఎందుకంటే ఆయన పోస్టుమాను. ఊళ్లో చదువు రానివాళ్లకు వచ్చిన కార్డు చదివిపెట్టేది ఆయనే, తిరుగు కార్డు రాసిపెట్టేది ఆయనే. అందువల్ల అక్షరమన్నది కనబడితే చదవకుండా వదిలే అలవాటు పోయింది. ఒకరోజు ఎవరికో అంటించని కవరులో ఒక దివ్యౌషధశాల వారి కరపత్రం వచ్చింది. ‘సుఖవ్యాధుల ఇరవై ఒక్క లక్షణములు’ అని పైన పెద్దక్షరాలు. కాలవ కట్ట మీద సైకిలు ఆపి చదివాడు. చదవక ముందు ఆయనకు మూడు లక్షణాలుండేవి. చదివి మడిచేసరికి పదిహేడయ్యాయి. మిగతా నాలుగూ ఆడవాళ్లవి.

పాపం, సుఖవ్యాధి రావడానికి ఆయన పడ్డ సుఖమేమిటి? కట్టుకున్న వెంకటశేషమ్మను తప్ప ఇంకో ఆడమనిషిని వేలితో తాకినవాడు కాదు. కానీ కరపత్రం అడుగున చిన్న అక్షరాల్లో ‘పరస్త్రీ కూర్చుండిన వెచ్చని స్థలమున కూర్చుండుట వలన కూడ’ అని ఉంది. వేసవి మొదట్లో కావలి బస్సులో పోతుండగా కొడవలూరు దగ్గర తమలపాకుల బుట్టతో ఒకామె దిగిపోతే ఆ సీట్లో తాను కూర్చున్నాడు. వెచ్చగానే ఉంది. పైగా హాయిగా కూడా అనిపించింది.

ఇక ఆ రోజు నుంచి పెంచలయ్య చాప తీసుకుపోయి వీధి అరుగు మీద పడుకోవడం మొదలుపెట్టాడు. తనకంటిన పీడ భార్యకు అంటరాదని. అడిగితే ఉక్కపోస్తోందన్నాడు. వేసవి పోయింది, వానలు పోయినాయి, పుష్యమాసం వచ్చి ఊరంతా దుప్పట్లు కప్పుకుంది. పెంచలయ్యకు ఇంకా ఉక్కపోస్తూనే ఉంది.

శేషమ్మ తెలివితక్కువది కాదు. ఒక పొద్దున కార్డు ఒకటి తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

“ఒక కార్డు రాయాల.”

“ఎవురికి?”

“కావల్లో మా నాయనకి.”

పెంచలయ్య కలం తీశాడు. ఆడవాళ్లు చెప్పింది చెప్పినట్టు రాస్తాడని, పదకొండేళ్లలో ఒక్క మాట అటూ ఇటూ చేయలేదని చుట్టుపక్కల ఆయనకు పేరు.

“నాయనా, నీ అల్లుడు నెల్ల తరబడి అరుగు మీద పండుకుంటా ఉండాడు. అడిగితే ఉక్క అంటాడు. ఎవుతో తగులుకొనుండాది. రాసినావా?”

“‘ఎవరో’ అంటే మర్యాదగా ఉంటదేమో?”

“ఎవుతో అనే రాయి. ఒక్క అక్షరం మార్చబాకు, నా మీద ఒట్టే. నువ్వొచ్చి నాయం జెప్పు, లేదంటే నన్ను తీసకపో. ఇంకేం రాయాల... ఆఁ, నీ అల్లుడు అన్నం సరిగా తినడంలా. ఒళ్లు చిక్కిపోయినాడు. అది గూడా రాయి.”

రాశాడు. చివరి మాట రాస్తుంటే కళ్లు మసకబారాయి. అయినా ఒత్తులు పోనివ్వలేదు. మర్నాడు తన కార్డును తానే డబ్బాలోంచి తీసి, తానే ముద్ర కొట్టి, సంచిలో వేశాడు. వారానికి మామ హజరత్తయ్య ఎవరిచేతో రాయించిన జవాబు వచ్చింది. ‘కోతలు అయినాక వచ్చే శుక్రవారం వస్తా. వాడి సంగతి నేను తేలుస్తా.’ దాన్ని కూడా పెంచలయ్యే భార్యకు చదివి వినిపించాడు, ఎక్కడ నొక్కాలో అక్కడ నొక్కి.

హజరత్తయ్య అంటే కావల్లో వడ్ల బేరగాడు. నీతికి పెట్టింది పేరు. పెళ్లి పందిట్లో అల్లుడికి సైకిలు పెట్టింది ఆయనే. పోయిన ఉగాదికి బేరం మీద మద్రాసు పోయినప్పుడు దానికొక తోలు సీటు తెచ్చి స్వయంగా బిగించినది కూడా ఆయనే. దొరలెక్కిన సీటట. ముందు కొస పైకి లేచి, వీపు పలకలా బిగుసుకుని, ఇత్తడి రేకుతో చూడముచ్చటగా ఉంటుంది. శేషమ్మ శుక్రవారం శుక్రవారం దానికి కొబ్బరినూనె రాస్తుంది. (సీటుకు ఇంత సేవ జరుగుతున్న ఇంట్లో, దాని మీద కూర్చునేవాడి సంగతి ఎవరికి పడుతుంది?)

మామ వచ్చేలోగా ‘రోగం లేదు’ అని ముద్ర ఉన్న కాగితం సంపాదించాలి, లేకపోతే పెళ్లాం దక్కదు. పెంచలయ్య సెలవు చీటీ పెట్టి పెద్దాసుపత్రికి పోయాడు.

సుఖవ్యాధుల విభాగం సరిగ్గా బస్టాండుకు ఎదురుగా ఉంది. పక్క గది పంటి డాక్టరుది. అందువల్ల వరసలో ఉన్న పద్దెనిమిది మందీ చెంప పట్టుకుని నిలబడ్డారు. పెంచలయ్య కూడా పట్టుకున్నాడు.

“పన్నా?” అన్నాడు ముందువాడు సానుభూతిగా.

“పన్నే.”

“నాదీ పన్నే,” అంటూ అతను కాళ్లు ఎడం చేసి సర్దుకుని నిలబడ్డాడు.

రోగి వివరాలు గుమాస్తా చెవిలో మాత్రమే చెప్పవలెనని తొమ్మిదో నిబంధన. గుమాస్తా క్రీస్తుదాసుకు చెవుడు. కాబట్టి విన్నది సరో కాదో తేల్చుకోవడానికి ప్రతి మాటా తిరిగి గట్టిగా చెబుతాడు.

“గవ్వలదిన్నె! పోస్టుమాను! అడుగున నొప్పి!” అని కేకేశాడు. బస్టాండులో కావలి బస్సు కోసం నిలబడ్డవాళ్లు ఇటు తిరిగారు. “ఇచ్చింది ఎవురు?”

“ఎవురూ లేరు సార్.”

“లేకుండా ఎట్టొస్తదయ్యా?”

“అదే తెలవక వచ్చినా.”

“పేరు జెప్పబ్బా. సిగ్గెందుకు? ఈడ అంతా గుట్టుగా ఉంటది!” అని క్రీస్తుదాసు మళ్లీ కేకేశాడు.

“బస్సులో ఒకామె...”

“అట్ట రా దారికి! పేరు?”

“తెలవదు సార్. ఆమె దిగిపోయినాక ఆ సీట్లో కూర్చున్నా.”

“ఆమె ఉన్నప్పుడా, పోయినాకా?”

“పోయినాక.”

క్రీస్తుదాసు కలం బల్ల మీద పెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఇరవై రెండేళ్ల సర్వీసులో నీ అంత పనికిమాలినోణ్ణి చూళ్లేదయ్యా,” అన్నాడు, నిజంగా బాధపడి. ఆరో గడి ఖాళీగా మిగిలింది.

రక్తం తీసి మద్రాసు పంపారు. రెండు వారాలకు జవాబు వచ్చింది, ఏమీ లేదని. ఈలోగా ఏడు పెన్సిలిన్ సూదుల్లో ఆరు పొడిచేశారు, మిగిలిపోతే పై ఆఫీసుకు సంజాయిషీ రాయాలి గనుక. డాక్టరు గారు మంచివారు. ఆయనకున్న నిమిషంన్నర తీరికలో పెంచలయ్య భుజం తట్టారు.

“నీకే రోగమూ లేదోయ్.”

“దేవుడి లాంటోరు సార్. మరి నొప్పి?”

“నొప్పి మా విభాగం కాదు.”

“ఆ లేదన్న మాటే కాగితం మీద...”

“ఆరో గడి నింపించుకో, ముద్ర వేస్తా.”

“రోగమే లేకపోతే ఇచ్చినోళ్లు యాడుంటారు సార్?”

“మంచి ప్రశ్న,” అన్నారు డాక్టరు గారు. “తర్వాతోణ్ణి పిలవండి.”

మూత్ర విభాగానికి పోయాడు. సుఖవ్యాధి లేదని ముద్ర ఉంటేనే చూస్తామన్నారు. ఎముకల విభాగానికి పోయాడు. అక్కడ ఎముక లేదన్నారు. తిరిగి తిరిగి పంటి డాక్టరు గదిలో తేలాడు. ఇన్నాళ్లుగా చెంప పట్టుకుని నిలబడ్డది చూసి జాలిపడ్డ ఆ డాక్టరు, వద్దు వద్దంటున్నా ఒక దవడ పన్ను పీకేశాడు. (వెంటనే ముద్ర కూడా వేసి ఇచ్చాడు. పని చేసే విభాగాలు లేవని ఎవరైనా అంటే నమ్మకండి.)

శుక్రవారానికి ఇంకా నాలుగు రోజులుంది. సోమవారం ఏడో సూదికి పోయినప్పుడు సూదులేసే నర్సు రెబెక్కమ్మ “కూర్చో నాయనా,” అంది. పెంచలయ్య కూర్చోలేదు. సూది అయ్యాక ఆమె కిటికీలోంచి చూస్తే, ఆయన పళ్లు బిగబట్టి, గుడిసె కప్పు ఎక్కినట్టుగా సైకిలు ఎక్కుతున్నాడు. రెబెక్కమ్మ మెట్లు దిగి వచ్చింది. సీటు మీద బొటనవేలు పెట్టి బలం కొద్దీ నొక్కింది. వేలు వంగింది గానీ సీటు వంగలేదు.

“రోజుకెన్ని మైళ్లు తొక్కుతావు?”

“పదహారమ్మా. సరుగుడు తోపుల్లో ఇసక, కాలవ కట్ట మీద గతుకులు.”

“ఈ సీటు ఎప్పుడేసినారు?”

“పోయిన ఉగాదికి.”

“నొప్పి?”

పెంచలయ్య వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. “ఆ ఉగాది నుంచేనమ్మా,” అన్నాడు. నాలుగు విభాగాలు తిరిగాడు, మూడు రంగుల చీటీలు మోశాడు, ఆఖరికి పన్ను ఊడగొట్టుకున్నాడు. నువ్వు దేని మీద కూర్చుంటావని అడిగిన మొదటి మనిషి ఈమే.

“సీటు మార్చు. కొన్నాళ్లు నడిచి పో. పొద్దునా సాయంత్రం గోరువెచ్చని నీళ్ల తొట్టిలో కాసేపు కూర్చో. భయం మానుకో, భయానికి గూడా ఆడ కండలు బిగుసుకుంటాయి. తగ్గకపోతే నా దగ్గరికే రా. ఇంకో మాట, నీ భార్యతో నోరు తెరిచి మాట్లాడు,” అంది రెబెక్కమ్మ. అని ఊరుకోక, మంచికి పోయి, క్రీస్తుదాసు కిటికీ దగ్గర నిలబడి సంగతంతా గట్టిగా చెప్పింది.

క్రీస్తుదాసు మొహం వెలిగిపోయింది. గులాబీ కాగితం తీశాడు.

“సీటు ఎవురిచ్చినారు?”

“మా మామ, సార్. కావలి హజరత్తయ్య.”

కలం కదిలింది. పెంచలయ్య కిటికీలోంచి తొంగి చూశాడు. “సార్, సార్! ఆడ మా మామ పేరు రాస్తుండారే!”

“చూడు నాయనా, గడిలో ‘రోగమిచ్చిన వ్యక్తి’ అనుంది. సీటు వ్యక్తి గాదు. సీటిచ్చినాయన వ్యక్తి. నేనేం సొంతంగా రాస్తన్నానా? నిబంధన రాయిస్తాది. సంతకం పెట్టు.”

ఎదురుగా ముద్ర. పక్కన సిరా. ఇంటి దగ్గర గడప దాటడానికి మూట కట్టుకున్న పెళ్లాం. పెంచలయ్య కళ్లు మూసుకుని సంతకం పెట్టాడు. ధడ్ మని ముద్ర పడింది. ఆ చప్పుడుకు పెంచలయ్య నొప్పి అప్పటికప్పుడే పావలా వంతు తగ్గింది.

ఇంటికి వచ్చి కాగితం చూపించాడు. శేషమ్మ ముద్రను గోటితో గీకి చూసింది.

“దీన్ని చదవాల్సింది ఎవురు?”

“నేనే.”

“నీకేం లేదని నువ్వే చదువుకుంటే అది నాయమా?”

“సీటు మే శేషమ్మా, అంతా ఆ సీటు వల్లనే...”

“మా నాయన పెట్టిన సీటు మీద పెడతావా నింద? ఇంకేం మిగిల్చినావయ్యా!” అని శేషమ్మ భోరుమంది. నాలుగు రోజులు పెంచలయ్య సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ పోయి ఉత్తరాలు పంచాడు. నొప్పి సగానికి దిగింది, పరువు అంతకంటే వేగంగా దిగింది. ఆ ఖాళీ సీటు మీద కూర్చోవలసిన ఆమె ఎవరని తోపుల్లో ఆడవాళ్లు అడిగారు.

శుక్రవారం హజరత్తయ్య దిగాడు. పంచె మడత నలగలేదు. తీర్పు శనివారం టపా పంచినాక అన్నాడు, ప్రభుత్వం పనికి అడ్డం పడకూడదని.

శనివారం పెంచలయ్య టపా సంచి విప్పాడు. కావలి చిరునామా కొట్టేసి గవ్వలదిన్నెకు తిరగరాసిన రిజిస్టరు కవరు. అత్తగారు కావలి పోస్టుమానుకు చెప్పి ఉంటుంది, మా ఆయన బిడ్డ ఇంటికి పోయినాడని. మీద పెద్దాసుపత్రి ముద్ర. దాచాలనుకున్నాడు. చించి కాలవలో వేయాలనుకున్నాడు. పదకొండేళ్లలో ఒక్క ఉత్తరమూ దారి తప్పనివ్వని చేయి ఆ పని చేయనంది. అన్ని ఉత్తరాలూ పంచి, చివరికి తన ఇంటి ముందు నిలబడి, వాడుక ప్రకారం “పోస్ట్!” అని అరిచాడు.

మామ మంచం మీద కూర్చుని మీసం దువ్వుతున్నాడు. శేషమ్మ వాకిట్లో మజ్జిగ చెంబుతో నిలబడింది.

“ముందు నీ సంగతి తేలాల అబ్బయా. మా బిడ్డకేం తక్కువ? కట్టుకున్నదాన్ని వదిలి అరుగు మీద పండుకునే మగోడు మా వంశంలో...”

“మామా, రిజిస్టరు. వేలిముద్ర.”

హజరత్తయ్య వేలిముద్ర వేసి, “చదువు,” అన్నాడు.

చదవక తప్పదు. పెంచలయ్య కవరు చింపాడు. “‘శ్రీయుత హజరత్తయ్య గారికి. మీ మూలమున ఒక వ్యక్తికి బాధ సంక్రమించినట్లు ఈ విభాగమునకు రుజువైనందున, తాము వెంటనే సుఖవ్యాధుల విభాగమునకు హాజరై రక్తము ఇవ్వవలెను. తమ పేరు తెలిపిన వ్యక్తి పేరు రహస్యముగా ఉంచబడును.’”

ఆ విభాగం పుట్టినప్పటి నుంచి దాచిన రహస్యం ఇదొక్కటే.

పెంచలయ్య ఇక ఆగలేక “మామా, నీ తప్పేం లేదు, అది సీ...” అని మొదలుపెట్టబోయాడు. హజరత్తయ్య చేయి అడ్డం పెట్టాడు. ఆయన మొహంలో రంగు పోయింది. నేల వంక చూస్తూ మెల్లిగా అడిగాడు.

“ఆమే చెప్పిందా అబ్బయా, నా పేరు?”

వాకిట్లో చెంబు కింద పడింది.

“ఏ ఆమె నాయనా?” అంది శేషమ్మ.

“పాత మాట తల్లీ. ముప్పయ్యేళ్ల నాటిది. మీ అమ్మను చేసుకోక ముందు. ఆ పొద్దు నుంచి ఆ వీధి మొహం చూళ్లేదు, దేవుడి తోడు.”

శేషమ్మ వాకిట్లోంచి వచ్చింది. మొగుడి చేతిలోంచి కవరు లాక్కుంది. లోపలికి పోయి, దూలంలో దోపిన గులాబీ కాగితం తెచ్చి, రెండు ముద్రలూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. ఆమెకు చదువు రాదు గానీ కళ్లున్నాయి. రెండూ ఒక్కటే ముద్ర. ఇది నిజమైతే అదీ నిజమే. అరుగు మీది చాప చుట్టి లోపల పెట్టింది. తిరిగి వచ్చేటప్పుడు ఇంకో చాప తెచ్చి అరుగు మీద పరిచింది, నాయన కోసం.

“ఒక కార్డు రాయి అబ్బయా,” అన్నాడు హజరత్తయ్య, ఎవరి మొహమూ చూడకుండా. “ఎట్టుందో కనుక్కుందాం. మనిషన్నాక అడగాల గదా.”

పెంచలయ్య భార్య వంక చూశాడు. సీటన్న మాట ఇంకా నాలుక మీదే ఉంది.

“రాయి,” అంది శేషమ్మ. “ఒక్క అక్షరం మార్చబాకు.”

కార్డు తీశాడు. కలం విదిలించాడు. “చిరునామా మామా? ముప్పయ్యేళ్లంటే, ఏమన్నా గుర్తుండాదా?”

హజరత్తయ్య తడుముకోలేదు. మద్రాసు, చింతాద్రిపేట అన్నాడు. వీధి చెప్పాడు, సందు చెప్పాడు, మెట్లు ఎడమ పక్కన అన్నాడు.

“డోరు నంబరు?”

“పాతది పదిహేడు. పోయిన ఉగాదికి మార్చినారు, కొత్తది ముప్పై నాలుగు. రెండూ రాయి.”

పెంచలయ్య రెండూ రాశాడు.